పిల్లికూన ఎముకలు మెత్తబడితే ఏం చేయాలి

మొన్నటిదాకా కర్టెన్ పట్టుకుని పైకి పాకిన నాలుగు నెలల కూన ఇవాళ సోఫా ముందు నిలబడి, పైకి ఒకసారి చూసి, వెనక్కి తిరిగి వెళ్లిపోతుంది. పొట్ట కింద చేయి వేసి ఎత్తబోతే కీచుమంటుంది. కళ్ల ముందు తాడు ఊపితే కూర్చున్న చోటి నుంచే పంజా చాస్తుంది తప్ప లేవదు. చాలామంది దీన్ని బద్ధకమనుకుంటారు. లేదా ఎక్కడో కాలు బెణికి ఉంటుందిలే అని నాలుగు రోజులు చూస్తారు. దయచేసి అలా ఆగకండి. ఎదిగే వయసులో ఉన్న పిల్లి ఆట మానేసిందంటే దానికి నొప్పి ఉండే అవకాశం ఎక్కువ. ఆ నొప్పి ఎముకల్లోంచి వస్తోందేమో ఎలా కనిపెట్టాలి, అదే అయితే ఏం చేయాలి, ఏం చేయకూడదు అనేది వరసగా చెబుతాను.

1. ముందు గిన్నెలోకి చూడండి

కూనను పరీక్షించే ముందు అది ఇన్నాళ్లూ తిన్నదేమిటో ఒక కాగితం మీద రాయండి. తల్లిపాలు మానిన రోజు నుంచి ఇవాళ్టి వరకు రాయాలి. "మాంసం పెడతాం" అని రాస్తే చాలదు. ఉడికించినదా, పచ్చిదా, ఎముకలు ఉన్నాయా, రోజుకు ఎంత, మధ్యలో పాలు ఎన్నిసార్లు, ఎవరైనా చుక్కల మందులు వేశారా అన్నీ ఉండాలి. ఇంట్లో ఇద్దరు ముగ్గురు పెడుతుంటే అందరినీ అడగండి. వైద్యుడికి ఈ కాగితం ఎక్స్‌రేతో సమానంగా పనికొస్తుంది.

ఎందుకో లెక్క చూడండి. కిలో బరువున్న, ఎదుగుతున్న కూనకు రోజుకు సుమారు 200 కేలరీలు కావాలి. ఎముకలు గట్టిపడటానికి రోజుకు 400 మిల్లీగ్రాములకు తగ్గకుండా కాల్షియం కావాలి. ఎముకల్లేని కోడిమాంసం 100 గ్రాముల్లో ఉండే కాల్షియం 10 మిల్లీగ్రాములకు అటూ ఇటూ మాత్రమే. కడుపు నిండేంత మాంసం, అంటే 170, 180 గ్రాములు తిన్నా దానికి అందేది 20 మిల్లీగ్రాముల లోపు. కావలసినదానిలో ఇరవయ్యో వంతు. పైగా అదే మాంసంలో భాస్వరం, అంటే ఫాస్ఫరస్, 100 గ్రాములకు 200 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. కాల్షియం కనీసం ఫాస్ఫరస్‌తో సమానంగా ఉండవలసిన చోట అది ఇరవై రెట్లు తక్కువగా ఉంటుంది. కాలేయంలో ఈ తేడా ఇంకా ఎక్కువ.

రక్తంలో కాల్షియం తగ్గితే గుండె, నరాలు, కండరాలు నడవవు. అందుకని మెడలో ఉండే పారాథైరాయిడ్ గ్రంథులు వెంటనే ఒక హార్మోన్‌ను వదిలి, ఎముకల్లో దాచుకున్న కాల్షియాన్ని కరిగించి రక్తంలోకి రప్పిస్తాయి. ఒకటి రెండు రోజులకైతే ఇది మంచి ఏర్పాటే. నెలల తరబడి సాగితే ఎముక గోడలు కాగితంలా పలచబడతాయి. సోఫా మీంచి దిగినందుకే కాలు విరుగుతుంది, లేదా పచ్చికొమ్మలా వంగిపోతుంది. మాంసం మీద మాత్రమే పెరిగిన కూనల్లో కనిపించేది చాలావరకు ఇదే. ప్రేమగా, ఏరికోరి మెత్తటి మాంసం పెట్టిన ఇళ్లలోనే ఇది ఎక్కువగా కనిపిస్తుంది కాబట్టి మిమ్మల్ని మీరు నిందించుకోకండి. గిన్నె మారిస్తే చాలావరకు బాగయ్యే జబ్బు ఇది.

డి విటమిన్ లోపంతో వచ్చే రికెట్స్ దీనికి దగ్గరి చుట్టం, కానీ రెండూ ఒకటి కావు. రికెట్స్‌లో ఎముక పొడవు పెరిగే చివరల్లో ఉండే మృదులాస్థి గట్టిపడకుండా మెత్తగా, వెడల్పుగా మిగిలిపోతుంది. పేగులోంచి కాల్షియం రక్తంలోకి చేరాలంటే డి విటమిన్ కావాలి. అది లేకపోతే తిన్న కాల్షియం కూడా వృథాగా బయటికి పోతుంది. చాలా కూనల్లో రెండు లోపాలూ కలిసే ఉంటాయి. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో లండన్ జంతుప్రదర్శనశాలలో కొవ్వులేని మాంసం తిని పెరిగిన సింహం పిల్లలకు ఇలాగే కాళ్లు వంగిపోయేవి. శస్త్రవైద్యుడు జాన్ బ్లాండ్ సట్టన్ వాటికి దంచిన ఎముకలు, పాలు, కాడ్ లివర్ ఆయిల్ పెట్టించాడు. పిల్లలు కోలుకున్నాయి. అప్పటికి డి విటమిన్ అనే పేరు కూడా పుట్టలేదు.

2. ఎండ మీద ఆశ పెట్టుకోకండి

"పొద్దున్నే ఎండలో పడుకోబెడితే సరిపోతుంది" అనే మాట చాలామంది చెబుతారు. మనుషుల విషయంలో అందులో నిజముంది. మన చర్మంలో ఉండే ఒక కొవ్వు పదార్థం మీద ఎండలోని అతినీలలోహిత కిరణాలు పడితే అది డి విటమిన్‌గా మారుతుంది. పిల్లి చర్మంలోని ఒక ఎంజైమ్ ఆ ముడిసరుకును ముందే కొలెస్ట్రాల్‌గా మార్చేస్తుంది. ఎండ పడేసరికి అక్కడ మారడానికి దాదాపు ఏమీ మిగలదు. అందుకే పిల్లికి డి విటమిన్ తిండిలోంచే రావాలి. అడవిలో అయితే వేటాడిన జంతువు కాలేయం, కొవ్వు దాన్ని అందిస్తాయి. కిటికీ దగ్గర ఎండ కాచుకోవడం పిల్లికి ఇష్టం, కాచుకోనివ్వండి. మందని మాత్రం అనుకోకండి.

3. చేయి వేయకుండా గమనించండి

మొదట దూరంగా కూర్చుని నడక చూడండి. నున్నటి నేల మీద కాకుండా దుప్పటి లాంటిది పరచి, ముందు నుంచి, పక్క నుంచి, వెనక నుంచి ఫోనులో వీడియో తీయండి. ఆసుపత్రికి వెళ్లాక భయంతో అది బల్ల మీద ముడుచుకుని కూర్చుంటుంది, నడిచి చూపించదు. మీ దగ్గరున్న అరనిమిషం వీడియో వైద్యుడికి చాలా చెబుతుంది.

కుంటడం, ఒక రోజు ఒక కాలు, మరో రోజు ఇంకో కాలు మార్చి కుంటడం, ముందుకాళ్లు విల్లులా బయటికి వంగడం, మణికట్టు దగ్గర ఉబ్బినట్టు గుండ్రంగా కనిపించడం, వీపు కిందికి జారినట్టుండటం, కూర్చుంటే లేవలేకపోవడం వంటివి కనిపించవచ్చు. కొన్ని కూనల్లో బయటికి ఏమీ తెలియదు. ఎక్కువసేపు పడుకోవడం, ముట్టుకుంటే చిరాకుపడటం మాత్రమే ఉంటాయి. తోబుట్టువు ఇంట్లోనే ఉంటే రెండింటినీ పక్కపక్కన చూడండి. అయితే అదీ అదే తిండి తింటోంది కాబట్టి దాన్నీ పరీక్ష చేయించడం మంచిది.

మలం ఎన్నాళ్లుగా రాలేదో కూడా చూడండి. తుంటి ఎముక మెత్తబడి లోపలికి ఒరిగితే మలం వచ్చే దారి ఇరుకవుతుంది.

వెనక కాళ్లు ఈడుస్తున్నా, మూత్రం తెలియకుండా పోతున్నా వెన్నెముక దెబ్బతిని ఉండవచ్చు. ముఖం, చెవులు అదురుతున్నా, ఒళ్లంతా వణుకుతున్నా, మూర్ఛ వచ్చినా రక్తంలో కాల్షియం ప్రమాదకరంగా పడిపోయి ఉండవచ్చు. ఈ లక్షణాల్లో ఏది కనిపించినా ఇది చదవడం ఆపి వెంటనే బయలుదేరండి.

4. దుముకు ఆపండి

అనుమానం వచ్చిన గంట నుంచే కూన ఎక్కడికీ ఎక్కకూడదు, ఎక్కడి నుంచీ దూకకూడదు. బోను లేకపోతే ఎత్తు తక్కువ పెద్ద అట్టపెట్టె, అడుగున మెత్తటి దుప్పటి చాలు. ఎత్తేటప్పుడు చంకల కింద పట్టి వేలాడదీయకండి, మెడ దగ్గర చర్మం పట్టి లేపకండి. దుప్పటితో సహా కిందికి రెండు చేతులూ పోనిచ్చి, ఛాతీకి ఒక చేయి, తుంటికి ఒక చేయి ఆసరా ఇచ్చి పళ్లెం మోసినట్టు సమంగా ఎత్తండి. వెన్నెముక మీద అనుమానం ఉంటే చదునైన అట్టముక్క మీదికి జరిపి, దానితోనే మోయండి.

నూనె రాసి మర్దన చేయడం, వంగిన కాలిని లాగి సరిచేయడం, కర్ర పెట్టి కట్టు కట్టడం అసలు వద్దు. ఇంత మెత్తటి ఎముక మీ వేళ్ల ఒత్తిడికే విరగవచ్చు.

5. మందుల డబ్బా మూసేయండి

ఈ విషయంలోనే నాకు ఎక్కువ భయం. డి విటమిన్ లోపం అని వినగానే ఇంట్లో ఉన్న చుక్కలో, మాత్రో గుర్తొస్తుంది. ఆ చేయి అక్కడే ఆపండి.

పిల్లి ఆహారానికి అమెరికాలోని ఆఫ్కో అనే సంస్థ ప్రమాణాలు నిర్ణయించింది. వాటి ప్రకారం కిలో పొడి ఆహారంలో కనీసం 280 యూనిట్ల డి విటమిన్ ఉండాలి. మన కిలో బరువు కూన రోజుకు 50 గ్రాములు తింటుందనుకుంటే దానికి అందేది 14 యూనిట్లు. మనుషుల కోసం చేసిన మాత్రల్లో కొన్నింట్లో 60,000 యూనిట్లు ఉంటాయి. మాత్రలో చిటికెడు గీకి వేసినా అది వందల రోజుల మోతాదు. డి విటమిన్ కొవ్వులో కరిగి ఒంట్లో నిలవుండిపోతుంది, ఎక్కువైనది మూత్రంలో కొట్టుకుపోదు. రక్తంలో కాల్షియం మితిమీరి పెరిగి మూత్రపిండాల్లో, రక్తనాళాల్లో పేరుకుంటుంది. ఎలుకల మందుల్లో ఒక రకం తయారయ్యేది డి విటమిన్‌లోని డి3 అనే రూపంతోనే. వాంతులు, తిండి మానేయడం, విపరీతంగా నీళ్లు తాగి విపరీతంగా మూత్రం పోయడం విషం ఎక్కుతున్న గుర్తులు. మీరు ఇప్పటికే ఏదైనా వేసి ఉంటే దాచకండి. మందు పేరు, ఎంత, ఎప్పుడు అనేది మొదటి కాగితంలో రాయండి.

నొప్పికి పారాసిటమాల్ ఇవ్వకూడదు. పిల్లి కాలేయం దాన్ని విరిచి బయటికి పంపలేదు. ఒక్క మాత్ర ప్రాణం తీయగలదు. పాలు పట్టడమూ మందు కాదు. ఆవుపాలు 100 మిల్లీలీటర్లలో 120 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది కాబట్టి మంచిదేనని అనిపిస్తుంది కానీ, కావలసినంత తాగిస్తే చాలా కూనలకు విరేచనాలు పట్టుకుంటాయి. కాలేయంలో డి విటమిన్ ఉంటుంది కదా అని రోజూ అదే పెట్టకండి. అందులోని ఎ విటమిన్ ఎక్కువై, మెడ ఎముకలు ఒకదానికొకటి అతుక్కుపోయే మరో జబ్బు తెస్తుంది.

6. వైద్యుడి దగ్గర ఏం అడగాలి

కాగితం, వీడియో ముందు పెట్టి, ఎముకల సాంద్రత చూడటానికి ఒళ్లంతా ఎక్స్‌రే తీయమని అడగండి. కుంటుతున్న కాలికి మాత్రమే తీస్తే మిగతా చోట్ల విరిగినవి తెలియవు.

నేను పెంచిన ఒక బూడిదరంగు కూన ఎక్స్‌రే ఇప్పటికీ నా కళ్ల ముందు ఉంది. మామూలుగా ఎముక తెల్లగా మెరుస్తుంది, చుట్టూ కండ మసకగా ఉంటుంది. దాని ఎక్స్‌రేలో రెండూ దాదాపు ఒకే బూడిద రంగులో ఉన్నాయి. తొడ ఎముక అంచు పెన్సిల్‌తో పైపైన గీసిన గీతలా ఉంది, మధ్యలో ఒకచోట మడతపడి ఉంది. తెల్లగా కనిపించినవి పళ్లు మాత్రమే. మీ కూన ఎక్స్‌రేను దీపపు పెట్టె మీద పెట్టినప్పుడు మీరూ ఇదే పోల్చి చూడవచ్చు. రికెట్స్ అయితే దీనికి తోడు ఎముక చివర్ల దగ్గరి నల్లటి పట్టీలు మామూలుకన్నా వెడల్పుగా కనిపిస్తాయి. మణికట్టుకు కాస్త పైన ఇది బాగా తెలుస్తుంది.

రక్తపరీక్షలో కాల్షియం మామూలుగా ఉందని వస్తే ఊపిరి పీల్చుకుని ఇంటికి వెళ్లిపోకండి. ఎముకలను కరిగించి రక్తాన్ని నింపడమే ఈ జబ్బు చేసే పని, కాబట్టి ఆ అంకె మామూలుగా కనిపించవచ్చు. కాల్షియంతో పాటు ఫాస్ఫరస్, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, మూత్రపిండాల కోసం యూరియా, క్రియాటినిన్ చూడాలి. పుట్టుకతోనే మూత్రపిండాలు బాగాలేని కూనల్లోనూ ఎముకలు మెత్తబడతాయి, దానికి చికిత్స వేరు.

తిండి సరిగ్గానే ఉన్నా ఎముకలు ఇలా ఉంటే, లేదా తిండి మార్చి నెలైనా మార్పు లేకపోతే, మరో మూడు పరీక్షల గురించి అడగండి: పారాథైరాయిడ్ హార్మోన్, 25-హైడ్రాక్సీ డి విటమిన్, కాల్సిట్రయాల్. డి విటమిన్ కాలేయంలో మొదటి రూపం మార్చుకుని 25-హైడ్రాక్సీ అవుతుంది. మూత్రపిండాల్లో రెండోసారి మారి, పనిచేసే రూపమైన కాల్సిట్రయాల్ అవుతుంది. మొదటిది తక్కువగా ఉంటే తిండిలో లోపం, లేదా పేగులు దాన్ని పీల్చుకోవడం లేదు. మొదటిది బాగుండి కాల్సిట్రయాల్ తక్కువగా ఉంటే, ఆ రెండో మార్పు చేసే ఎంజైమ్ పుట్టుకతోనే లోపించి ఉండవచ్చు. కాల్సిట్రయాల్ ఎక్కువగా ఉన్నా కాల్షియం తక్కువగా ఉంటే, ఒంట్లోని కణాలు దాని మాట వినడం లేదన్నమాట. ఈ రెండు జన్యుపరమైన రికెట్స్ పిల్లుల్లో అరుదు. కానీ అరుదని వదిలేస్తే ఆ కూనకు ఎంత మంచి తిండి పెట్టినా ఎముక గట్టిపడదు. దానికి కాల్సిట్రయాల్ మందుగా ఇచ్చి, తరచూ రక్తపరీక్ష చేస్తూ మోతాదు సరిచేయాలి.

విరిగిన ఎముకలకు వెంటనే శస్త్రచికిత్స చేయనంటే వైద్యుడు పట్టించుకోవడం లేదనుకోకండి. ఇంత మెత్తటి ఎముకలో మేకు నిలవదు. విరిగిన ఎముకల్లో చాలావరకు విశ్రాంతితోనే అతుక్కుంటాయి.

7. గిన్నె మార్చండి

అసలు చికిత్స ఇదే. మాంసానికి బదులుగా కొనే పిల్లి ఆహారం డబ్బా మీద "ఎదిగే పిల్లికూనలకు పూర్తి, సమతుల్య ఆహారం" అనే అర్థం వచ్చే మాట ఉండాలి. "అనుబంధ ఆహారం" అని ఉంటే అది పూట తిండికి పనికిరాదు. పెద్ద పిల్లుల ఆహారమూ వద్దు. ఆఫ్కో ప్రమాణాల్లో పెద్ద పిల్లికి పొడిబరువులో కనీసం 0.6 శాతం కాల్షియం చాలు, ఎదిగే కూనకు 1.0 శాతం కావాలి. శాకాహార పద్ధతిలో చేసిన ఆహారాల్లో తరచూ ఉండేది డి విటమిన్‌లోని మరో రూపం, డి2. పిల్లి ఒళ్లు దాన్ని డి3 అంత బాగా వాడుకోలేదు.

మాంసానికి అలవాటుపడిన కూన కొత్త ఆహారాన్ని వాసన చూసి, గిన్నె పక్కన నేలను గోకి వెళ్లిపోతుంది. మొదటి రోజు పాత మాంసాన్ని సన్నగా తరిగి అందులో పావువంతు కొత్తది కలపండి. తడి ఆహారమైతే గోరువెచ్చగా చేస్తే వాసన పైకి లేస్తుంది. నాలుగైదు రోజుల్లో నిష్పత్తి తిరగబడాలి. వారం దాటాక మాంసం రోజు తిండిలో పదో వంతుకు మించకూడదు. అది అలిగిందని జాలిపడి మళ్లీ పాత తిండికి వెళ్లకండి. కానీ కూన ఒక రోజంతా ఏమీ తినకపోతే మొండిపట్టు పట్టకుండా వైద్యుడికి ఫోను చేయండి, చిన్న ఒంట్లో చక్కెర త్వరగా పడిపోతుంది.

పూర్తి ఆహారం తింటున్న కూనకు కాల్షియం పొడి విడిగా అక్కర్లేదు. మొదటి వారాల్లో వైద్యుడు కాల్షియం కార్బొనేట్ రాస్తే రాసినంతే వేయండి. ఎముకల పొడి అయితే కాల్షియంతో పాటు ఫాస్ఫరస్‌నూ తెస్తుంది కాబట్టి కార్బొనేట్‌కు బదులుగా దాన్ని వేయకండి. ఇంట్లో వండే పెట్టాలనుకుంటే, జంతువుల ఆహారం గురించి బాగా తెలిసిన పశువైద్యుడు కూన బరువు చూసి గ్రాముల్లో రాసిచ్చిన పద్ధతినే పాటించాలి. ఉడికించిన ఎముకలు మాత్రం పెట్టకండి, అవి సూదుల్లా చీలి పేగుకు గుచ్చుకుంటాయి.

8. బోనులో నాలుగు నుంచి ఎనిమిది వారాలు

బోను వెడల్పుగా, ఎత్తు తక్కువగా ఉండాలి. లోపల అరలు, ఊయలలు తీసేయండి. లిట్టర్ ట్రే అంచు రెండు వేళ్ల ఎత్తుకు మించితే కూన కాలు ఎత్తలేక బయటే పోస్తుంది, ఒక వైపు అంచు కోసేయండి. నీళ్లు, తిండి, ట్రే మెడ చాస్తే అందేంత దూరంలో పెట్టండి. అందరూ తిరిగే గదిలో ఉంచితే దానికి ఒంటరిగా అనిపించదు.

మొదటి వారం సులువు. నొప్పిగా ఉంటుంది కాబట్టి అది పడుకునే ఉంటుంది. కష్టం ఆ తర్వాత మొదలవుతుంది. కొత్త తిండి పడ్డాక నొప్పి వారం పది రోజుల్లోనే చాలా తగ్గుతుంది. కూన కళ్లలో వెలుగు వస్తుంది, ఊచలు పట్టుకుని పాకబోతుంది, బయటికి వదలమని ఏడుస్తుంది. ఎముక మాత్రం ఇంకా గట్టిపడలేదు. చాలా ఇళ్లలో రెండోసారి ఎముక విరిగేది ఈ రోజుల్లోనే, "బాగైపోయింది కదా" అని తలుపు తీసినప్పుడు. తిండిని కాగితపు ఉండల్లో దాచి వెతికించడం, ఊచల సందుల్లోంచి ఈకతో నేలబారుగా ఆడించడం, ఒళ్లో పెట్టుకుని తల దువ్వడం వంటివాటితో ఆ రోజులు గడిపించండి. ఈక నేల నుంచి పైకి లేవకూడదు.

9. మలం గట్టిపడకుండా

తడి ఆహారం, రెండు చోట్ల నీళ్లు. రెండు రోజులు మలం రాకపోయినా, ట్రేలో ముక్కుతూ కూర్చున్నా వైద్యుడికి చెప్పండి. మలాన్ని మెత్తబరిచే లాక్టులోజ్ లాంటి మందు మోతాదు ఆయనే చెబుతారు. మనుషుల ఎనిమాలు వాడకండి, ఫాస్ఫేట్ ఉన్నవి పిల్లికి ప్రాణాంతకం.

10. మళ్లీ చూపించడం

వారానికొకసారి వంటింటి త్రాసు మీద గిన్నె పెట్టి కూనను తూచండి. ఆరోగ్యంగా ఎదిగే కూన వారానికి దాదాపు 100 గ్రాములు పెరుగుతుంది. నాలుగో వారంలో మళ్లీ ఎక్స్‌రే తీయించండి. పాతదాన్ని తీసుకెళ్లి రెండింటినీ పక్కపక్కన చూడమనండి. ఎముక కండ నుంచి విడిగా తెల్లగా తేలుతుంటే తిండి పనిచేస్తోంది. బోను తలుపు ఎప్పుడు తీయాలో ఆ ఎక్స్‌రే చెప్పాలి, కూన హుషారు కాదు. తీశాక కూడా మొదట ఒకే గదిలో, సామాన్లు జరిపి, నేల మీద మాత్రమే తిరగనివ్వండి.

కాల్సిట్రయాల్ వాడుతుంటే వైద్యుడు చెప్పిన ప్రతి రక్తపరీక్షకూ వెళ్లండి. కూన బాగా కనిపిస్తోందని ఒక్కటి కూడా మానకండి.

వంగిన కాళ్లు కొంత సరవుతాయి, కొంత అలాగే మిగిలిపోతాయి. కొద్ది వంపుతో పిల్లి హాయిగా బతుకుతుంది. వెన్నెముక నలిగి కాళ్లు పడిపోయినప్పుడే కోలుకోవడం కష్టమవుతుంది. తుంటి ఇరుకుగా అతుక్కుందేమో మాత్రం చివరి ఎక్స్‌రేలో కొలిపించండి. ఇరుకుగా ఉంటే మలబద్ధకం పెద్దయ్యాక కూడా తిరిగి వస్తుంది. ఆడపిల్లి అయితే కాన్పు దానికి ప్రాణాపాయం, కాబట్టి ఎముకలు గట్టిపడ్డాయని వైద్యుడు అనగానే గర్భం రాకుండా ఆపరేషన్‌కు తేదీ అడిగి ఉంచుకోండి.